పొరలో పొరపాటు

పొద్దున్నే ఆమె అనుకున్న పని చిన్నదే. గాజుబిళ్ల మీద సేంద్రియ సిరా చుక్క వేసి గిర్రున తిప్పాలి. పల్చటి పొర పరుచుకోగానే వేడి పలక మీద ఆరబెట్టి, పైన లోహపు పూత పూయాలి. అంతే, సోలార్ సెల్ తయారు. మధ్యాహ్నం పరిశీలకులు వస్తున్నారు. సెల్ పనిచేయకపోతే ఈ ల్యాబును పక్క విభాగానికి ఇచ్చేస్తారు. ల్యాబులో అందరూ ఆమెను పొరలక్క అంటారు. గది పోతే ఆ పేరూ పోయినట్టే.

మొదటి సెల్ చచ్చింది. వేడి చాల్లేదేమోనని పెంచింది. రెండోది పుట్టకముందే చచ్చింది. సిరా ఇంకొక్క బిళ్లకే మిగిలింది. సరిగ్గా అప్పుడే గోడకున్న ఫోను మోగింది.

"ఏమ్మా, ఎన్నిసార్లు చేసినా నీ ఫోనెత్తవేం?" అంది అత్తగారు.

"సెల్ చచ్చింది అత్తయ్యా! ఎంత చేసినా కరెంటు రావట్లేదు. నా ప్రాణం తోడేస్తోంది, పెట్టేయండి!"

కోడలి ప్రాణం కంటే ఎక్కువేముంది? అత్తగారు వెంటనే చిన్నకొడుకు చేతికి ఛార్జరిచ్చి తరిమింది.

మరిది వచ్చేసరికి పొరలక్క ఆ మిగిలిన సిరా తేవడానికి పక్కగదికి వెళ్లింది. ప్లగ్గేదీ ఖాళీ లేదు. వేడి పలకది పీకి, ఛార్జరు గుచ్చి, బుద్ధిగా ఓ మూల నిలబడ్డాడు. దారిలో పరిశోధన గైడు ఆమెను పట్టుకుని అక్షింతలు వేసి పంపేలోగా పలక కాస్తా చల్లారిపోయింది. ఆమె గబగబా వచ్చి, ఆఖరి బిళ్లను తిప్పి, పలక మీద పెట్టి, అప్పుడు చూసింది మరిదిని.

"నువ్వెందుకొచ్చావ్?"

"అమ్మ పంపింది వదినా. ఫోనివ్వు, ఛార్జింగు పెడతా."

"చచ్చింది ఫోను కాదు మహానుభావా, సోలార్ సెల్లు!"

"మరి దానికీ ఈ ఛార్జరు సరిపోతుందా?"

"ముందు బయటికి నడు! దేన్నీ ముట్టుకోకు!"

"తడిగా ఉంది వదినా, దుమ్ము పడుతుంది," అంటూ అతను అప్పటికే ఓ గాజుగిన్నె తెచ్చి బిళ్ల మీద బోర్లించాడు. గిన్నె తీయబోయి ఆమె పలకను తాకింది. చల్లగా ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ప్లగ్గు పీకావా?"

"ఒక్కటే పీకాను వదినా."

సగం ఆరిన పొరకు ఇప్పుడు వేడి తగిలితే పగుళ్లిస్తుంది, వేరే బిళ్ల చేద్దామంటే సిరా లేదు. ఆ పొర గిన్నె కింద తీరిగ్గా ఆరుతుంటే ఆమె పక్కన కూర్చుని పెన్సిలు మీద పళ్లు నూరింది. ఆరాక లోహం పూసి, పరిశీలకుల ముందు, చచ్చిన సెల్‌కు దండం పెట్టినట్టే ఎండకు బదులు వాడే దీపం కింద పెట్టింది.

కరెంటు వచ్చింది. ఆ గదిలో ఇంతవరకు ఏ సెల్లూ ఇవ్వనంత వచ్చింది.

గైడు కళ్లజోడు సర్దుకుని, బోర్లించిన గిన్నెను, చల్లటి పలకను చూశాడు. "వేడికి టక్కున ఆరితే అణువులు ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి. మూత కింద నిదానంగా ఆరింది కాబట్టి వరుసలో సర్దుకున్నాయి. అంతసేపు ఎలా ఆగావమ్మా?"

ఆమె వరండాలో నిలబడ్డ మరిదిని ఓసారి చూసింది.

"ఇంత ఓర్పున్న మనిషి దగ్గర్నుంచి గది లాక్కోవడం పాపం," అన్నాడు పెద్ద పరిశీలకుడు.

ఆమె వినయంగా తల వంచి, పళ్ల గాట్లతో రెండు ముక్కలైన పెన్సిలును వెనక్కి దాచుకుంది.