అయిదు భాషలకు ఒకే జిరాక్సు

ప్రపంచంలో భాషలు మరీ ఎక్కువైపోయాయని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను. వాటిని తగ్గించే పుణ్యాత్ములకు మనం విగ్రహాలు పెట్టాలి, కనీసం ఒక దండైనా వెయ్యాలి. కానీ చేస్తున్నదేమిటి? వాళ్ళకు భాష రాదని వెక్కిరిస్తున్నాం!

అనువాద వ్యాపారానికి భాష రాకపోవడం ఒక లోపమా? ముమ్మాటికీ కాదు. భాష వచ్చినవాడు ప్రతి మాట దగ్గరా ఆగుతాడు, తల గోక్కుంటాడు, నిఘంటువు తిరగేస్తాడు. రానివాడికి ఏ అడ్డూ ఉండదు. నమ్మకం లేకపోతే జెర్సీ సిటీలో దామోదర్‌కు జరిగింది వినండి.

ఇది ఎనభై మూడో సంవత్సరం మాట. దామోదర్ అమెరికాకు వచ్చి మరీ చరిత్ర చదివాడు. అమెరికా చరిత్ర చదివినవాళ్ళే టాక్సీలు నడుపుతున్న రోజుల్లో కాకతీయుల చరిత్రకు ఉద్యోగం ఎవరిస్తారు? చివరికి కోవల్‌స్కీ అనే ఆయన నడిపే చిన్న అనువాద కంపెనీకి అప్లికేషన్ పెట్టుకున్నాడు. తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, మొత్తం నాలుగు భాషలు వచ్చని రాశాడు. కోవల్‌స్కీ అందులో నాలుగు అన్న అంకె ఒక్కటే చదివి, ఆ వారమే ఖాళీ అయిన, డెన్మార్క్, స్వీడన్ వైపు భాషలు చూసే నార్డిక్ డెస్కులో అతన్ని కూర్చోబెట్టాడు. పని బాగుంటే గ్రీన్ కార్డుకు స్పాన్సర్ చేస్తానన్నాడు. దామోదర్‌కు నార్డిక్ అంటే ఉత్తర దిక్కని మాత్రం తెలుసు. గ్రీన్ కార్డు అంటే ఏమిటో పూర్తిగా తెలుసు.

కోవల్‌స్కీ తాతలు పోలండ్ వాళ్ళు. ఎవరైనా పొరపాటున ఆయన్ని రష్యనా అని అడిగితే బల్ల గుద్దేవాడు. మిగతా ప్రపంచం విషయంలో మాత్రం చాలా విశాల హృదయుడు. ఎవరు ఎవరైనా ఆయనకు అభ్యంతరం లేదు.

అంతలో మంచు ఊడ్చే యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి తలుపు తట్టింది. యంత్రంతో ఇచ్చే సూచనల పుస్తకం డేనిష్, స్వీడిష్, నార్వీజియన్, ఐస్‌లాండిక్, ఫిన్నిష్ భాషల్లో కావాలంది. అయిదు భాషలంటే అయిదుగురు అనువాదకులు. ఇంత దుబారాను ఏ వ్యాపారి భరిస్తాడు?

"నువ్వు హిస్టరీ చదివావు కదా," అన్నాడు కోవల్‌స్కీ. "ఈ అయిదూ ఒకటేనని హిస్టారికల్‌గా ప్రూవ్ చెయ్యి. ఒక్క పేజీ చాలు. కస్టమర్‌కి చూపిద్దాం."

దామోదర్ లైబ్రరీలో కూర్చున్నాడు. చదివినకొద్దీ అతనికి సరదా పుట్టుకొచ్చింది. వెయ్యేళ్ళ క్రితం ఆ దేశాల్లో చాలామేరకు ఒకే భాష ఉండేదట. నార్వే నుంచి కొందరు పడవలెక్కి ఐస్‌లాండ్ చేరి, ఆ పాత భాషను ఆవకాయ జాడీలా మూత బిగించి దాచుకున్నారట. డెన్మార్క్ నాలుగు వందల ఏళ్ళ పాటు నార్వేను ఏలిందట. నార్వే వాళ్ళు ఇంట్లో తమ మాట మాట్లాడుకుంటూ కాగితం మీద డేనిష్ రాసుకునేవారట. విడిపోయాక, పట్నం రాత ఒకటీ పల్లె మాటల నుంచి కూర్చిన రాత ఒకటీ, రెండు తయారుచేసుకుని ఇప్పటికీ ఆ రెంటి మీదా వాదించుకుంటున్నారట. మన గ్రాంథికం, వ్యావహారికం గొడవ ఆ చలిలో కూడా ఉందని తెలిసి దామోదర్ లైబ్రరీలోనే నవ్వాడు.

ఫిన్నిష్ దగ్గర మాత్రం అతని నవ్వు ఆగింది. అది ఆ కుటుంబపు భాషే కాదు. ఇరుగుపొరుగుగా ఉండి, స్వీడన్ ఏలుబడిలో శతాబ్దాలు గడిపి, బోలెడు మాటలు అరువు తెచ్చుకుంది తప్ప దాని పుట్టుకే వేరు. తెలుగువాడికి ఈ సంగతి ఒకరు విడమర్చి చెప్పాలా? సంస్కృతం మాటలు చూసి తెలుగునూ హిందీనీ అక్కాచెల్లెళ్ళు అనేవాళ్ళతో దామోదర్ కాలేజీలో ఎన్నిసార్లు పోట్లాడలేదు!

అయినా పేజీ రాశాడు. "అయిదు భాషలదీ ఒకే కుటుంబం, తేడా యాసలో మాత్రమే" అని తేల్చేశాడు. గ్రీన్ కార్డు ముందు ఫిన్లాండ్ ఎంత?

ఆ పేజీ చూసి కోవల్‌స్కీ అతని భుజం తట్టాడు. డేనిష్ అనువాదం ఒక్కటి చేయించారు. టైపిస్టు తెల్ల ఇంకు సీసా దగ్గర పెట్టుకుని, డేనిష్‌లో సున్నాలాంటి అక్షరానికి అడ్డంగా ఉన్న గీతలు చెరిపి నెత్తిన రెండేసి చుక్కలు పెట్టింది. అంతే, సాయంత్రానికల్లా స్వీడిష్ తయారు! దాన్నే జిరాక్సు తీసి నార్వీజియన్, ఐస్‌లాండిక్ అట్టలు, చివరికి ఫిన్నిష్ అట్ట కూడా వేశారు. పాణిని బతికుంటే ఈ వేగం చూసి సిగ్గుపడేవాడు.

ఇదివరకు కోవల్‌స్కీకి ఫిన్నిష్ అనువాదాలు చేసిపెట్టే కొర్హోనెన్ అనే పెద్దాయన ఆ పుస్తకం చూసి దామోదర్‌కు ఫోన్ చేశాడు.

"ఫిన్నిష్ పుస్తకం స్వీడిష్‌లో ఉంది," అన్నాడు.

"మీరు స్కూల్లో స్వీడిష్ నేర్చుకున్నారు కదా సార్?"

"పరీక్ష కోసం."

"అయితే మేనేజ్ చేస్తారుగా?"

అవతల నిశ్శబ్దం. ఫిన్లాండ్ వాళ్ళు మితభాషులని దామోదర్ ఎక్కడో చదివాడు. కాబట్టి ఆ నిశ్శబ్దాన్ని అంగీకారం కింద జమ వేసుకున్నాడు.

కొన్నాళ్ళకు దామోదర్ ఉన్న అపార్ట్‌మెంట్‌లోనే ఉండే సామ్యూల్ ఒక కాగితం పట్టుకుని తలుపు కొట్టాడు. అతని తల్లి జ్ఞానమ్మ బాపట్ల నుంచి వచ్చింది. ఆదివారం తెలుగు చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది ఆవిడే. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. ఎడమ కంటితోనే ఇంకా కాస్త చదవగలుగుతోంది. ముందు కుడి కంటికి ఆపరేషన్.

"దామోదర్ గారూ, హాస్పిటల్లో దీని మీద అమ్మని సైన్ చెయ్యమన్నారు. పైన తెలుగు అని ఉంది, లోపల చూస్తే హిందీ అండీ," అన్నాడు సామ్యూల్.

కాగితం అడుగున తమ కంపెనీ పేరు చూసి దామోదర్ గబుక్కున దాన్ని బొటనవేలితో కప్పాడు.

వెనకే జ్ఞానమ్మ వచ్చింది. "ఏంటి బాబూ ఈ రాత? దండేనికి బట్టలు ఆరేసినట్టుంది. మావాడేమో ఏం కాదు, పెట్టెయ్ అంటాడు."

మర్నాడు పొద్దున్నే దామోదర్ కోవల్‌స్కీ గదిలోకి వెళ్ళి, తెలుగు పుట్టుక వేరనీ హిందీ పుట్టుక వేరనీ చెమటలు పట్టేదాకా చెప్పాడు. కోవల్‌స్కీ ఓపిగ్గా విన్నాడు.

"ఆస్పత్రివాళ్ళకి నీ పేజీయే చూపించాను," అన్నాడు గర్వంగా. "అది ఎంత బాగుందంటే, భాషల పేర్లు మారిస్తే సరిపోయింది. ఇండియాలో కూడా అన్నీ ఒకటేగా?"

దామోదర్‌కు కోపం వచ్చింది, అంతకు రెట్టింపు సిగ్గేసింది. "ఒకటి కాదు సార్. ఆ పేజీలో ఫిన్నిష్ సంగతి కూడా నేను రాసింది అబద్ధం," అన్నాడు.

"నీ గ్రీన్ కార్డు కాగితాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి," అన్నాడు కోవల్‌స్కీ మెల్లగా.

దామోదర్ తన డెస్కుకు వచ్చి కొర్హోనెన్‌కు ఫోన్ చేశాడు. క్షమించమని అడిగి, మంచు యంత్రం పుస్తకం ఫిన్నిష్‌లో చెయ్యమన్నాడు. తర్వాత ఆస్పత్రి ఇంగ్లీషు కాగితం తెప్పించుకుని తానే తెలుగులో రాశాడు. శస్త్రచికిత్స, సమ్మతి లాంటి మాటలు కొట్టేసి, బాపట్ల మనిషికి చదవగానే తెలిసేలా పెద్ద అక్షరాలతో రాసి పంపాడు.

జ్ఞానమ్మ అక్షరాల కింద వేలు పెట్టి ఆసాంతం చదివింది. చదివాక పెన్ను కింద పెట్టేసింది.

"నూటికో కోటికో ఒకరికి చూపు పూర్తిగా పోవచ్చు అని రాసుంది. ఈ ముక్క ఆ డాక్టర్ నాకు చెప్పలేదేం? పిలవరా సామ్యూల్, ఆయన్ని."

డాక్టర్‌కు తీరిక లేదు. ఆవిడ సంతకం పెట్టనంది. ఆపరేషన్ వాయిదా పడింది. ఆస్పత్రివాళ్ళు కోవల్‌స్కీ మీద, కోవల్‌స్కీ దామోదర్ మీద విరుచుకుపడ్డారు. "హిందీలో ఉన్నంతకాలం ఒక్క పేషెంటు కూడా ప్రశ్న అడగలేదట!" అని అరిచాడు కోవల్‌స్కీ.

దామోదర్‌ను కాపాడింది ఆస్పత్రి లాయరు. తెలియని భాషలో పెట్టించిన సంతకాలు ఎన్ని ఉన్నాయో విని ఆయన ముఖం పాలిపోయింది. ఇకనుంచి ఏ భాష కాగితం ఆ భాషలోనే ఉండాలనీ, అన్నీ కోవల్‌స్కీ మళ్ళీ చేయించి ఇవ్వాలనీ పట్టుబట్టాడు. అంత పని తెచ్చిపెట్టినవాణ్ణి ఏ యజమాని వదులుకుంటాడు? కోవల్‌స్కీ గ్రీన్ కార్డు కాగితాలు పంపేశాడు.

కానీ పాఠకులారా, నష్టం ఎంతో ఆలోచించారా? ఆ డాక్టరు కుర్చీ లాక్కుని జ్ఞానమ్మ ఎదురుగా కూర్చోవలసి వచ్చింది. ఆవిడ అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పవలసి వచ్చింది. సామ్యూల్ ఒక్క మాట మింగకుండా తెలుగు చెయ్యవలసి వచ్చింది. అంతా అయ్యాకే ఆవిడ సంతకం పెట్టింది. ఇది చూసి పక్క మంచం మీదున్న ఇటలీ ముసలాయన అప్పటికే సంతకం పెట్టేసిన తన కాగితం వెనక్కిమ్మని అడిగాడు, అందులో ఏముందో తనకూ ఎవరైనా చెప్పాలన్నాడు.