మెడ పట్టింది, చెమట లేదు

ఆ ఉదయం దశరథ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, పక్కింటి అంతయ్యను దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్ ఇంద్రాణికి చూపించి, పదకొండుకల్లా ఇల్లు చేరాలి.

ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన దశరథకు కిందటి వారం చలిజ్వరం వచ్చింది. జపాన్‌లో మూలికా వైద్యం చదివొచ్చిన ఇంద్రాణి బీపీ చూసి, అతని మెడ వెనక చెయ్యి పెట్టింది. "చలి మొదలైంది, మెడ పట్టేసింది, ఇంకా చెమట పట్టలేదు. ఈ పొడికి ఇదే సమయమండీ" అంటూ కక్కొంతో అనే జపాను మందు మూడు పొట్లాలు ఇచ్చింది. సాయంత్రానికల్లా జ్వరం దిగిపోయింది. అప్పటినుంచి దశరథ ఆమెకు పరమభక్తుడు.

అంతయ్యది మోకాళ్ల నొప్పి. దానికి దశరథ ఉపాయం చెప్పాడు. "ఏ నొప్పైతే ఏంది? మెడ పట్టింది, చెమట లేదు అను. గా మందే ఇస్తది."

ఈ మాట విని అదే వీధిలో గ్యాస్‌తో బాధపడే శ్రీరామమూర్తి, నిద్ర పట్టని సైదమ్మ కూడా బయల్దేరారు. దశరథ భార్య యాదలక్ష్మి కొంగు కప్పుకుని వెంట నడిచింది.

మే నెల ఎండకు రోగులు ముగ్గురూ చెమటతో తడిసి ముద్దయ్యారు. దశరథ క్లినిక్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి మెడ తువ్వాలుతో తుడిచి లోపలికి పంపాడు. ముగ్గురూ ఒకే పాఠం అప్పజెప్పారు. డాక్టర్ అంతయ్య మెడ తాకితే చెయ్యి తడైంది.

"చెమట కారుతోందే!"

"చెమట గాదు మేడం, నీళ్లు చల్లుకుండు" అన్నాడు దశరథ.

"నాది మోకాలమ్మా" అని అంతయ్య నిజం కక్కేశాడు.

ఆమె బీపీ చూసింది. నూట ఎనభై. "ఈ మందులో గుండెను పరుగెత్తించే మూలిక ఉందండీ. ఇచ్చి ఉంటే మీకు ప్రమాదమయ్యేది."

దశరథ తువ్వాలును చంకలో దాచేశాడు. ఆమె మాత్రం విసుక్కోలేదు. ముగ్గురినీ మొదటినుంచి ఓపికగా పరీక్షించి, అంతయ్యను గుండె డాక్టర్ దగ్గరికి పంపింది. ఒక్కరికీ పొట్లం ఇవ్వలేదు. అప్పుడు ఆమె చూపు మూలన కూర్చున్న యాదలక్ష్మి మీద పడింది.

"ఇంత ఎండలో కొంగు చెవులదాకా కప్పుకున్నారేమమ్మా?"

"పొద్దుగాల సంది జర సలి."

మెడ చూసింది, నాడి చూసింది, బీపీ చూసింది. మూడు పొట్లాలు చేతిలో పెట్టింది. "ఈవిడకు ఇదే సమయం."

దశరథ తెల్లబోయాడు. "నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మంది మెడలు తుడుసుకుంట తిరుగుతుంటివి. నా మెడ ఎప్పుడు సూస్తవ్?"

మర్నాటికి యాదలక్ష్మికి జ్వరం తగ్గి, గొంతులో బలం పూర్తిగా తిరిగొచ్చింది. దశరథ తన ఉదయపు నడకను ఆ గొంతు వినపడనంత దూరం, బడంగ్‌పేట్ దాకా, పొడిగించుకున్నాడు.