కుర్చీ కాళ్ళకు చుట్టిన తీగ

ఒక పెద్ద అడవిలో, మాఘ బహుళ విదియ నాడు తెల్లారగానే, ఏదుపంది సూరమ్మకు అన్యాయం జరిగింది. నీళ్ళకని వాగుకు వెళుతుంటే, వేటగాళ్ళు ఆకుల కింద దాచిన రంపపు పళ్ళ ఇనప ఉచ్చు టక్కున మూసుకుని ఆమె ముందరికాలి వేలొకటి తెంపేసింది. వాగుకు ఉన్నది ఆ ఒక్క దారే. దారి నిండా అలాంటి ఉచ్చులే. అప్పటి నుంచి సూరమ్మ పిల్లలు ఆకుల మీద మంచు నాకి గొంతు తడుపుకుంటున్నారు. ఎండలు ముదిరితే ఆ మంచూ ఉండదు.

"వేలు పోయిందని ఏడవడానికి రాలేదు," అంది సూరమ్మ అడవి మండలి ముందు నిలబడి. "మిగతా వేళ్ళుండగానే దారి బాగుచేయించమని వచ్చాను."

మండలి అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రయ్య. నిద్రలో కూడా తలూపగల పెద్దమనిషి. కార్యదర్శి ఉడుము రంగారావు. సొమ్ము పట్టుకుంటే వదలడు, పని మాత్రం పట్టుకోడు. మూడో సభ్యుడు నెమలి పింఛయ్య. అడవి అంటుకున్నా ముందు స్వాగత నృత్యం చేసి తర్వాత పారిపోయే రకం. పాడుపడిన బంగళా నుంచి ఎత్తుకొచ్చిన మూడు ఇనప కుర్చీల్లో ముగ్గురూ కూర్చుంటారు.

"దీనికి నా దగ్గర ఉపాయముంది," అంటూ కోతి బుచ్చిబాబు సభ మధ్యకు దూకాడు. బడి కిటికీలో కూర్చుని సైన్సు పాఠాలు విన్నవాడు. ఒక మేకు చుట్టూ పూత పూసిన రాగి తీగ చుట్టి, తీగ రెండు కొసలూ గీకి, టార్చిలైటు బ్యాటరీకి తగిలించాడు. మేకు గుండుసూదుల్ని లాగి పట్టుకుంది. ఒక కొస తీశాడు. సూదులు జలజలా రాలాయి.

"చుట్లు పెరిగితే బలం పెరుగుతుంది, సూరమ్మత్తా. నువ్వే చుట్టి చూడు."

సూరమ్మ చుట్టింది. ఈసారి సూదులు గుత్తులు గుత్తులుగా వేలాడాయి. తన ఒంటి ముళ్ళనూ లాగేస్తుందేమోనని ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది.

"మేకు బదులు గునపం, ఈ బుల్లి బ్యాటరీ బదులు జీపు బ్యాటరీ, ఒక పెద్ద కట్ట తీగ. ఉచ్చులన్నీ వచ్చి గునపానికి అంటుకోవూ!"

మండలి ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఒప్పుకోదా మరి, తీగ రాగిది!

వాగు దారి మొదట్లో గునపం పాతి, పక్కనే వేదిక కట్టి, మూడు కుర్చీలూ అక్కడ వేశారు. కట్ట విప్పగానే రంగారావు కొస పట్టుకున్నాడు.

"నిబంధన చూశానండీ. మండలి తీగను తెంపితే దొంగతనం. కుర్చీ కాలికి చుట్టుకుంటే భద్రపరచడం. ప్రారంభోత్సవం కానివ్వండి, మిగులు సామాను కింద అప్పుడు తెంపుకుందాం."

"ఎంత ధర్మబుద్ధయ్యా నీది!" అని భద్రయ్య కళ్ళు తుడుచుకుని, తన కుర్చీ కాలికి బాగా ఒత్తుగా చుట్టించుకున్నాడు. ఆ తర్వాత కార్యదర్శి, ఆ తర్వాత పింఛయ్య. ఎక్కడా తెగకుండా తీగ మూడు కుర్చీలూ తిరిగొచ్చేసరికి గునపానికి మూడే చుట్లు మిగిలాయి. రెండు కొసలూ ఒక స్విచ్ మీదుగా జీపు బ్యాటరీకి తగిలించారు. బుచ్చిబాబు ఏదో గొణగబోయాడు. సలహాదారు పదవి, అరటిగెల చేతిలో పెట్టారు. వెంటనే అతనికి నేర్చుకున్న సైన్సంతా మరుపుకొచ్చింది.

ప్రారంభోత్సవం రోజు లబ్ధిదారు చేతే స్విచ్ నొక్కించాలని సూరమ్మను పిలిచారు.

"గునపానికి మూడు చుట్లేనా? ఆ రోజు బుల్లి మేకుకే అంతకంటే ఎక్కువ చుట్టానే!"

"అది సాంకేతిక విషయం. ఆడవాళ్ళకు అర్థం కాదు. నొక్కమన్నప్పుడు నొక్కు," అన్నాడు రంగారావు.

సూరమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. కానీ వెనకాల పిల్లలు ఎండిన నాలుకలు చాపుకుని నిలబడ్డారు. నొక్కింది.

ఆకులు గలగలలాడాయి. ఉచ్చులు ఒక్కొక్కటే లేచాయి. గునపాన్ని ముఖపరిచయం లేనివాణ్ణి దాటినట్టు దాటేసి, నేరుగా వేదికెక్కాయి.

"ఈ ఉచ్చుల్ని పట్టడానికి నా ప్రాణమైనా..." అంటున్న భద్రయ్య అక్కడితో కెవ్వుమన్నాడు. కుర్చీకి అతుక్కోబోయిన పెద్ద ఉచ్చు ముందుగా ఆయన పిరుదును అందుకుంది. రంగారావుకు తోక, పింఛయ్యకు పింఛం.

"ఆపవే! స్విచ్ ఆపవే సూరమ్మా!"

"సాంకేతిక విషయం కదయ్యా! ఆడదాన్ని, నాకేం తెలుస్తుంది?" అని ఆమె దారి వైపే చూస్తూ నిలబడింది. ఆఖరి ఉచ్చు వేదికెక్కాక తీరిగ్గా ఆపింది. ఉచ్చులు కుర్చీల్ని వదిలాయి గాని పెద్దల్ని వదల్లేదు.

పిల్లలు దారెంట పరిగెత్తి వాగులో మూతులు ముంచారు.

ఆ సాయంత్రం మండలి పెద్దలు కూర్చోలేక నిలబడే సమావేశమై, సభ్యులు స్వయంగా తమ శరీరాలు అడ్డుపెట్టి ఉచ్చులన్నిటినీ స్వాధీనం చేసుకున్నారని తీర్మానించి, ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

సూరమ్మ ఊడిన ముల్లొకటి తీసుకుని, వాగొడ్డు బండ మీద తన తీర్మానం గీసుకుంది:

"దారి బాగుపడాలంటే పెద్దల్ని తిననివ్వండి, తీగ మాత్రం తెగకుండా చూసుకోండి. ఫాల్గుణ శుద్ధ ఏకాదశి, గురువారం."