తరగతి నిర్వహణలో తొంభై ఒక్క మార్కులు

కొత్త టీచర్లను ఏమీ తెలియకుండా బడికి పంపడంలో విశ్వవిద్యాలయాలు చేస్తున్న సేవను ఈ లోకం ఇంకా గుర్తించనే లేదు. అన్నీ నేర్పి పంపితే, బడికెళ్ళాక నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది చెప్పండి?

ఈత నేర్చుకోవాలని వచ్చినవాడికి రెండేళ్ళపాటు నీటి నిర్వచనాలు, నీటి చరిత్ర, నీటి మీద పెద్దల భిన్నాభిప్రాయాలు బోధించి, పట్టా చేతికిచ్చి నడి ఏట్లో దింపారనుకోండి. ఒడ్డుకు చేరిన ప్రతివాడూ గొప్ప ఈతగాడే. చేరనివాడు ఫిర్యాదు చెయ్యడు. ఇంతకన్నా మంచి పద్ధతి ఉంటుందా?

ఈ సేవను కొలిచి లోకానికి చూపించాలని ఒక విశ్వవిద్యాలయం నడుం కట్టింది. కొలవడానికి వెళ్ళిన ప్రొఫెసర్‌గారికి ఏమైందో చెబుతాను, వినండి.

ఆయన ఉపాధ్యాయ శిక్షణ విభాగంలో పద్దెనిమిదేళ్ళుగా ‘తరగతి నిర్వహణ’ చెబుతున్నారు. అంటే, గదినిండా ఉన్న పిల్లల్ని ఎలా అదుపులో పెట్టుకోవాలో తెలిపే శాస్త్రం. దాని మీద పుస్తకం కూడా రాశారు. అందులో ‘నిశ్శబ్దానికి ఏడు మెట్లు’ అనే అధ్యాయం ఉంది కాబట్టి, విద్యార్థులు చాటుగా ఆయన్ని ఏడుమెట్ల సార్ అంటారు. ఆయన ఎప్పుడైనా బడిలో పాఠం చెప్పారా అని మాత్రం అడక్కండి. అది మర్యాద కాదు.

ఆ సంవత్సరం విభాగానికి గ్రేడు ఇవ్వడానికి కమిటీ రాబోతోంది. కిందటేడు చదువు ముగించి టీచర్లయిన పది మందిని కలిసి, శిక్షణ ఎంత బాగా పనికొచ్చిందో ఫారాలు నింపించుకు రమ్మని డీన్ ఆయన్ని పంపారు. ఫారంలో నలభై ఆరు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు.

మొదటి ముగ్గురు దొరకలేదు. ఒకమ్మాయి మూడో నెలలోనే మానేసి సెల్‌ఫోన్ షాపులో చేరింది. ఒకతను ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతున్నాడు. మూడో అతని గురించి హెడ్మాస్టరు, “ఒక సోమవారం రాలేదండీ. ఆ తర్వాత ఇక ఏ వారమూ రాలేదు,” అన్నాడు.

ప్రొఫెసర్‌గారు కంగారుగా ఆఫీసుకి ఫోన్ చేశారు.

“మానేసినవాళ్ళని వదిలెయ్యండి సార్,” అన్నాడు క్లర్కు. “టీచరుగా లేనివాళ్ళ అభిప్రాయం వర్తించదని ఫారం కిందే ఉంది. అక్షరాలు కాస్త చిన్నవి.”

ఎంత ముందుచూపో గమనించారా? తట్టుకోలేక పారిపోయినవాడు లెక్కలోంచి కూడా పారిపోతాడు. ఎంతమంది ఏడుస్తూ వెళ్ళిపోతే విశ్వవిద్యాలయం సగటు అంత పైకి లేస్తుంది. మూడో నెలలో బడి వదిలిన ఆ అమ్మాయి, చదివిన చోటికి తనకు తెలియకుండానే ఎంత ఉపకారం చేసింది!

నాలుగో పేరు ప్రొఫెసర్‌గారి మేనకోడలిది. బ్యాంకు పరీక్షలు రాసుకుంటానన్న పిల్లని, “టీచరు ఉద్యోగంలాంటిది ఇంకోటి లేదమ్మా, నా దగ్గర చదువు,” అని నచ్చజెప్పి, అక్కని ఒప్పించి తెచ్చుకున్నది ఆయనే. తరగతి నిర్వహణలో ఆమెకి తొంభై ఒక్క మార్కులు. మేనకోడలని వేసినవి కావు. ఏడు మెట్లూ వరసగా, తప్పు లేకుండా రాసింది. ప్రాక్టికల్‌లోనూ ఎదురులేదు. ప్రాక్టికల్ అంటే తోటి విద్యార్థులే పిల్లల్లా కూర్చుంటే వాళ్ళకి పాఠం చెప్పడం. అందులో అల్లరి పిల్లాడి వేషం వేసినవాడు కూడా సార్‌ని అనుమతి అడిగాకే అల్లరి చేశాడు.

ఆమె ఇప్పుడు చెబుతున్నది ఆరో తరగతికి. నలభై మంది పట్టే గదిలో యాభై ఎనిమిది మంది. ప్రొఫెసర్‌గారు వెనక బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని, ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పాఠం మొదలై పది నిమిషాలు కాలేదు, రెండో వరసలో ఒక పిల్లకి ముక్కులోంచి రక్తం కారింది.

“సార్, దీన్ని ఆఫీసు గదికి తీసుకెళ్తాను. కాసేపు క్లాసు చూస్తారా?” అంది మేనకోడలు. పిల్లల ముందు మామయ్యా అనదు.

“దానికేముందమ్మా, వెళ్ళిరా,” అన్నారాయన. పద్దెనిమిదేళ్ళ శాస్త్రం వెనకుంది మరి.

మొదటి మెట్టు: ప్రతి విద్యార్థి కళ్ళలోకీ చూడవలెను. చూశారు. ఒక్క జత కళ్ళు కూడా ఆయన వైపు లేవు. రెండో మెట్టు: మృదువుగా సంబోధించవలెను. “ప్రియమైన విద్యార్థులారా,” అన్నారు. ముందు బెంచీ మొత్తం కడుపు పట్టుకుని నవ్వింది.

“సార్, మీరు ఇన్‌స్పెక్టరా?”

“సార్, వీడు నా స్కేలు విరిచేశాడు.”

“సార్, నీళ్ళు తాగొస్తా?”

మూడో మెట్టు విద్యార్థుల అవసరాలను గౌరవించమంటుంది. వెళ్ళమన్నారు. పదకొండు మంది వెళ్ళారు. ఇద్దరు బెంచీ కింద దూరారు. ఎవరిదో నీళ్ళ సీసా ఒలికి ఫారం సగం తడిసిపోయింది. నాలుగో మెట్టు ఏమిటో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. రాసింది ఆయనే. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గదినిండా పిల్లలున్నచోట పెద్దవాడు ఎంత ఒంటరివాడో ఆయనకి అప్పుడు తెలిసింది.

అంతలో గుమ్మంలో ఒకావిడ కనిపించారు. పక్క గదిలో లెక్కలు చెబుతారు. బడంతా ఆవిడని పెద్ద టీచర్ అంటుంది.

“సార్, ఒక చాక్‌పీసు ఉంటే ఇస్తారా?” అన్నారు మామూలుగా. లోపలికొచ్చి, బల్ల మీది చాక్‌పీసు తీసుకుని, గదినంతా ఒకసారి చూసి నిలబడ్డారు. అంతే. ఒక్కో బెంచీ సద్దుమణుగుతూ వచ్చింది. అందరికన్నా ఎక్కువ గోల చేస్తున్న అమ్మాయి వైపు తిరిగి, “నువ్వెళ్ళి నీళ్ళ దగ్గరున్నవాళ్ళని పిలుచుకురా. పదకొండు మంది. లెక్క తప్పకు,” అన్నారు. ఆ పిల్ల పెద్ద బాధ్యత మీద పడ్డట్టు గంభీరంగా బయల్దేరింది.

పక్క గదిలో భిన్నాలు చెబుతూనే పదకొండు మందిని ఎప్పుడు లెక్కపెట్టారో ఆయనకి అంతుపట్టలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో మేనకోడలు టిఫిన్ డబ్బా మూత తీస్తూ అంది. “మొదటి నెలంతా నేనూ అంతే మామయ్యా. రోజూ బాత్రూములోకెళ్ళి ఏడ్చొచ్చేదాన్ని.”

“నాకు ఒక్క మాట చెప్పలేదేం?”

“తొంభై ఒకటి వేశారు కదా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“మరి ఎలా నిలబడ్డావు?”

“రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్న రోజున పెద్ద టీచర్ చూశారు. ఖాళీ పీరియడ్‌లో వచ్చి తన క్లాసులో వెనక బెంచీలో కూర్చోమన్నారు. తర్వాత ఆవిడొచ్చి నా క్లాసులో కూర్చున్నారు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ఒక్కటే చెప్పేవారు. బోర్డుకేసి పూర్తిగా తిరిగి రాయకు, పక్కకి నిలబడి రాయి అన్నారొకరోజు. అందరి పేర్లూ వచ్చేదాకా ఎవర్నీ కేకెయ్యకు అన్నారింకో రోజు. రోజుకొకటే. రెండోది అడిగితే, ముందు ఇది చెయ్యవే అనేవారు.”

ముప్ఫై ఎనిమిదో ప్రశ్న ఇలా ఉంది: మీ తరగతి నిర్వహణ నైపుణ్యానికి మూలమేది? అ) సిద్ధాంత పాఠాలు. ఆ) ప్రాక్టికల్స్. ఇ) రెండూ. ప్రొఫెసర్‌గారు పెన్నుతో నాలుగో గడి గీసి, ‘ఈ) పక్క గది’ అని రాసి, దానికి టిక్కు పెట్టించారు. మిగిలిన ఆరుగురి దగ్గరా అదే గడి గీశారు. ఆరుగురూ దానికే టిక్కు పెట్టారు. పక్క గది మాత్రం ఒక్కొక్కరిదీ వేరు.

“కంప్యూటరు నాలుగోది తీసుకోలేదు సార్,” అన్నాడు క్లర్కు. “అన్నిటికీ ‘రెండూ’ అని కొట్టేశాను.”

విభాగానికి ఐదుకి నాలుగు పాయింట్ ఏడు వచ్చింది. గేటుకి బ్యానరు కట్టారు. పూలగుత్తులు అందించినప్పటి ఫొటోలో ప్రొఫెసర్‌గారు చివర నిలబడి, ఎటో చూస్తున్నారు.

వారం తిరక్కుండా ఆయన డీన్‌కి ఒక ఉత్తరం పెట్టారు. తరగతి నిర్వహణ చెప్పడానికి పెద్ద టీచర్‌ని పిలవాలని. జవాబు వచ్చింది: ‘సదరు మహిళకు డాక్టరేటు లేదు. బడిలో ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసును బోధనానుభవంగా పరిగణించుటకు నిబంధనలు అనుమతించవు.’

మరుసటి బుధవారం ఆయన తన ఇరవై మంది విద్యార్థుల్నీ బస్సెక్కించి ఆ బడికి తీసుకెళ్ళారు. గదికి నలుగురు చొప్పున వెనక బెంచీల్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాతి బుధవారమూ అంతే. మూడో బుధవారం మెమో వచ్చింది: ‘తరగతి నిర్వహణ పీరియడ్‌లో తరగతి గది ఖాళీగా ఉన్నట్లు గుర్తించడమైనది. టీచర్ శిక్షణ పొందుతున్న విద్యార్థులు ఒక బడిలో తిరుగుతున్నట్లు తెలియవచ్చింది. వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను.’

డీన్‌గారి ఆందోళన సబబే. టీచర్లు కాబోయేవాళ్ళు ముందుగానే పిల్లల్ని చూసేస్తే, చూసి కూడా టీచర్లు కావాలనుకుంటే, విశ్వవిద్యాలయాలు రెండేళ్ళపాటు ఏం చెయ్యాలి?

ప్రొఫెసర్‌గారు ఒకే ఒక్క వాక్యం రాసిచ్చారు. ‘ఆ పాఠం నాకు రాదు కనుక, వచ్చినవారి దగ్గరికి పంపాను.’

డీన్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, సొరుగులో పెట్టి తాళం వేశారట. మంచి పని చేశారు. అలాంటి కాగితం బయట తిరిగితే, మిగతా ప్రొఫెసర్లకి కూడా రాయాలనిపించొచ్చు.