తెర మీద తెలుగు

పుదుచ్చేరిలో ఇక మీదట సంస్కృతిని వెతుక్కుంటూ దారి తప్పేవాడు ఒక్కడు కూడా ఉండడని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన జరిగే హాలు ఎక్కడుందో తెలియక విలేకరులు ఇరవై నిమిషాలు తిరిగిన మాట నిజమే. అందుకే గదా ప్రకటన అవసరమైంది.

సంగతేమిటంటే, బీచి రోడ్డు వెనక వీధిలో ఒకే కాంపౌండులో నాలుగు సంస్థలున్నాయి. మ్యూజియం, లైబ్రరీ, ఆర్ట్ గ్యాలరీ, తెలుగు సంఘం. గేటు మాత్రం ఒక్కటే. ఒకరి బోర్డు మీద ఇంకొకరు బోర్డు కట్టుకుంటూ పోగా పోగా చివరికి ఆ గేటే కనపడకుండా పోయింది. ఇప్పుడు బోర్డులన్నీ పీకేసి, తమిళం, ఫ్రెంచి, ఇంగ్లీషు, తెలుగు నాలుగు భాషల్లో ఒక పెద్ద డిజిటల్ తెర పెడతారు. దాని డిజైన్ బాధ్యత సంస్కృతి సమన్వయ విభాగంలో అసిస్టెంటు వీరరాఘవన్‌కు అప్పగించారు.

వీరరాఘవన్‌కు డిజైన్ తెలుసా అని ఎవరూ అడగలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, అది చాలు. పైగా పద్నాలుగేళ్ళ కిందట ఉద్యోగంలో చేరినప్పుడు, దరఖాస్తులో తెలుగు ఎదురుగా మాట్లాడటం, చదవటం, రాయటం అని మూడు గడులుంటే, మొదటి గడిలో నిజాయితీగా టిక్కు పెట్టాడు. మిగతా రెండూ బోసిగా ఉంటే చూడ్డానికి బాగుండదని వాటిలోనూ పెట్టాడు. అతని తాత ముత్తాతలు కూడా ఇంట్లో తెలుగే మాట్లాడారు గాని, చదివిందీ రాసిందీ తమిళమే. తెలుగు లిపిని చూస్తే అతనికి మురుకుల పళ్ళెం చూసినంత ఆనందం కలుగుతుంది, అంతకు మించి ఏమీ తెలియదు. ఈ రహస్యం తల్లి జయమ్మాళ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. సూపరింటెండెంటు ప్రమోషన్ ఫైలు మంత్రిగారి బల్ల మీద ఉండగా, తెలియకపోవడమే మంచిది.

కమిటీ పదకొండుసార్లు సమావేశమైంది. తెర మీద ఒక్కో సంస్థకు పది సెకండ్లు, మంత్రిగారి ఫొటోకు నలభై సెకండ్లు అన్నది మొదటి మీటింగులోనే తేలిపోయింది. బాణం గుర్తు దగ్గర మాత్రం చిక్కొచ్చి పడింది. బాణం మ్యూజియం వైపు తిరిగితే తమకు వీపు చూపించినట్టేనని లైబ్రేరియన్ పరిమళ లేచి నిలబడ్డారు. లైబ్రరీ వైపు తిప్పితే గ్యాలరీ వాళ్ళు లేచారు. అందరూ కూర్చునే ఉపాయం వీరరాఘవన్‌కే తట్టింది. బాణాలన్నీ తీసేశాడు. ఎవరి మనసూ నొప్పించని దారి బోర్డు దేశంలో ఇదే మొదటిదని మినిట్స్‌లో రాసుకుంటుంటే, తన మీద తనకే గౌరవం కలిగింది.

ఇక మిగిలింది తెలుగు వాక్యం. అది అతనే రాసి పంపాలి. చెన్నై డిజైన్ కంపెనీ మూడు మెయిళ్ళు పెట్టింది. మూడింటికీ 'అండర్ ప్రాసెస్' అని జవాబిచ్చాడు. నాలుగోసారి అడక్కుండా ప్రూఫే వచ్చేసింది. మూడు భాషల కింద గుండ్రంగా, నిండుగా, తెలుగు. కంపెనీలో ఒక తెలుగమ్మాయి ఉందని విన్నాడు, ఆమే రాసేసి ఉంటుందనుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. పైనున్న తమిళం చూసి కాగితం తలకిందులుగా పట్టుకోలేదని నిర్ధారించుకుని, అక్షరాల మధ్య కాస్త గాలాడాలని సలహా రాసి, 'భాష సరిచూడబడినది' అని ఇంగ్లీషులో రాసి సంతకం చేశాడు.

రెండో సంతకం తెలుగు సంఘం అధ్యక్షుడు సుబ్బరాయన్‌ది. ఏంబలంలో ఎనిమిది తరాలుగా భూములున్న కుటుంబం. ఆయన ప్రూఫును చాలాసేపు చూశారు.

"అమ్మ బాస తమ్ముడూ. చూస్తాంటేనే కండ్లు నిండిపోతాయి."

"ఏమన్నా మార్చాల్నా అన్నా?"

"యాడ మారుస్తావు? ఒక్క అచ్చరం కదిలించినా పాపం."

అని తమిళంలో సంతకం పెట్టారు. వీరరాఘవన్ ఆయన కళ్ళలోకి చూడలేదు. ఆయనా ఇతని కళ్ళలోకి చూడలేదు.

తెర వెలిగింది. వచ్చినవాళ్ళు ముందు దాన్ని ఫొటో తీసుకునేవారు. తరువాత దాని కింద స్టూలు వేసుకుని కూర్చున్న వాచ్‌మన్ వేలాయుధాన్ని దారి అడిగేవారు. అతను చెయ్యి చాపి చూపించేవాడు. మూడు నెలల్లో తమిళం మీద నలభై రెండు ఫిర్యాదులు వచ్చాయి, ఫ్రెంచి మీద తొమ్మిది. తెలుగు మీద ఒక్కటీ లేదు. మంత్రిగారు సభ పెట్టి, మచ్చలేని భాషంటే ఇదీ అని చప్పట్లు కొట్టించారు. ప్రమోషన్ ఉత్తర్వుతో పాటు వీరరాఘవన్‌కు ఒక ఇత్తడి జ్ఞాపిక కూడా ఇచ్చారు. దాని మీద తెరపై ఉన్న తెలుగునే అక్షరం పొల్లుపోకుండా చెక్కించారు.

ఆ సాయంత్రం మూలకుళం ఇంట్లో నాన్న ఫొటో పక్కన మేకు కొట్టి జ్ఞాపికను తగిలించాడు. కొడుకు తెలుగు తెర కట్టించాడని విన్నప్పటి నుంచి జయమ్మాళ్, డెబ్భై రెండేళ్ళ వయసులో, పక్కింటి చెంగమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుంటోంది. మోకాళ్ళ నొప్పితో తెర దాకా పోలేకపోయింది. ఇప్పుడు తెరే ఇంటికొచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని గోడ దగ్గరికెళ్ళి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టింది. వీడియో తీద్దామని వీరరాఘవన్ ఫోను ఎత్తాడు.

"తెలుగు... వాక్యం... ఇంకా... అందలేదు," అని చదివింది. ఊపిరి తీసుకుని, "చదివినవారు... దయచేసి... ఆఫీసుకు... తెలపగలరు."

ఫోనులో వీడియో నడుస్తూనే ఉంది.

"ఎవురూ తెలపలేదా నాయనా?"

"లేదుమా."

"ఆఫీసంటే నువ్వే గదా. ఇదో, నేను తెలిపినా."

అతను కుర్చీ లాక్కుని ఎక్కి, జ్ఞాపికను మేకు మీది నుంచి తీయబోయాడు. జయమ్మాళ్ అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీరా. ఇంట్లో నేను చదివేదానికి ఉండే తెలుగు ఇదొక్కటే గదా."