ఎర్రలైటు వెలిగితే బంద్

సూర్యాపేట ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే నిహారిక ఆ పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మిర్యాలగూడ వెళ్ళాలి, దశరథ సేటు రైసుమిల్లులో నల్లగింజలు ఏరే చిన్న మిషనుకు తను తయారుచేసిన కంట్రోలు బోర్డు బిగించాలి, దాన్ని అందరి ముందూ తనే చెడగొట్టాలి! సేటు సరేనంటే బోర్డు మిల్లులో ఉంటుంది. కాదంటే ఇన్నేళ్ళ కష్టం కాలేజీ బీరువాపాలు.

"చెడగొడ్తవా? గదేం ముచ్చట బిడ్డా?" అన్నాడు సేటు, మిల్లులో ఆమె బోర్డు బిగించి సంగతి చెప్పగానే.

"నాట్లల్ల ఒకామె రాకపోతే పక్కామె ఆమె సాలు కూడ అందుకుంటది కద సేటుగారూ, గట్లనే. దీంట్ల ఒక ముక్క ఖరాబైతే పక్కముక్క దాని పని చేస్తది. తనకు తనే బాగైతది."

సేటు కళ్ళద్దాలు సవరించుకుని ముందుకు వంగాడు. నిహారికకు ప్రాణం లేచొచ్చింది. చటుక్కున ఓ తీగ పీకింది. బోర్డు ఎర్రలైటు వెలిగించి తన మరమ్మతు మొదలెట్టింది.

అక్కడే వచ్చింది తంటా. ఆ మిల్లులో ఎర్రలైటంటే మెయిన్ స్విచ్ దించమని అర్థం. ఎలక్ట్రీషియన్ మహేందర్ ఠకీమని దించేశాడు.

"అయ్యో! ఎందుకు బంద్ చేసినవ్?"

"ఎర్రలైటు మేడం! కాలిపోతే?"

మళ్ళీ వేశారు, మళ్ళీ దించాడు. ముట్టుకోకంటే బుద్ధిగా తలూపుతాడు, లైటు చూడగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. "బాగైతదంటివి, ఏదీ?" అని సేటు పెదవి విరిచాడు. ఆయన భార్య మంగ "దిష్టి తగిలింది" అంటూ మిషను ముందు టెంకాయ కొడితే నీళ్ళు బోర్డు మీద చిందాయి. నిహారికకు ఏడుపొక్కటే తక్కువ.

బోర్డు మాత్రం చలించలేదు. తడిసిన ముక్కల్ని పక్కనపెట్టింది. మాటిమాటికీ పోతున్న కరెంటును కూడా చెడిన భాగమని లెక్కేసి, మిషను కింద ఉన్న బ్యాటరీకి మారింది. పచ్చలైటు! బియ్యం ధారగా కురిశాయి. మందుకైనా ఒక్క నల్లగింజ లేదు.

"శెభాష్! కొనేస్త. ఇగ ఆపు," అన్నాడు సేటు.

మహేందర్ స్విచ్ దించాడు. ఆగలేదు. నిహారిక బంద్ బటన్ నొక్కింది. బటన్ కూడా చెడిందనుకుని, బోర్డు ఎర్రగా మెరిసి మళ్ళీ పచ్చబడింది. బస్తా నిండి బియ్యం నేలపాలవుతున్నాయి. బ్యాటరీ పీకుదామంటే అది బియ్యం కుప్ప కింద పూడిపోయింది.

"ఏందే ఇది, ఆగదా?" అని అరిచాడు సేటు.

ఏం జరిగినా పనిచెయ్యడం బోర్డుకు నేర్పింది గానీ, ఆగడం కూడా ఓ పనేనని నిహారికకు తట్టనే లేదు. బ్యాటరీ అయిపోయేదాకా అందరూ గోడవారన కూర్చున్నారు.

మీసాల్లో తవుడు దులుపుకుంటూ సేటు లేచాడు. "బాగయ్యుడు మంచిగనే నేర్పినవ్ బిడ్డా. ఇగ సచ్చుడు నేర్పి తీస్కరా, కొంట."