నరహరి అమ్మిన కొండబండి

మబ్బులు నడుము దాకా దిగివచ్చే కొండల నడుమ ఒక పెద్ద అడవి ఉండేది. అడవికొక సభ ఉండేది. సభకు అధ్యక్షుడు అడవిదున్న మహాబలయ్య. ఆయన మాట్లాడితే సభ్యులు తలలూపేవారు. మాట్లాడకపోతే ముందుజాగ్రత్తగా ఊపేవారు.

సభా, సంతా, ముంగిస డాక్టరమ్మ వైద్యశాలా అన్నీ అడవి దిగువనే ఉండేవి. కొండ మీద ఉన్నది కణుజు జింకల గూడెం ఒక్కటే. దానికి ఒకటే దారి. ఎండాకాలం రాళ్లు, వానాకాలం బురద, మిగతా కాలంలో రెండూనూ.

ఒకరోజు ఆ గూడెం నుంచి సింగారమ్మ అనే కణుజు సభకు వచ్చింది.

"అయ్యా, మా అమ్మాయి మల్లికి నెలలు నిండుతున్నాయి. వానలు పట్టుకుంటే డాక్టరమ్మ పైకి రాలేదు, మేం కిందికి దిగలేం. పోయినేడు మా ఆడబిడ్డ సగం దారిలోనే కనేసింది. పిల్లాడికి బురదయ్య అని పేరు పెట్టుకోవాల్సొచ్చింది. ఈసారైనా దారి బాగుచేయించండయ్యా" అంది.

మహాబలయ్య గంభీరంగా నెమరువేశాడు. "దారంటే మాటలా తల్లీ? రాళ్లు కావాలి. రాళ్లెత్తేవాళ్లు కావాలి. ఎత్తేవాళ్లని చూసేవాళ్లు కావాలి. చూసేవాళ్లకి నీడ కావాలి."

సభ్యుడు నెమలి చిత్రకంఠం లేచి పింఛం సర్దుకున్నాడు. "అధ్యక్షా, దారికి దండ వేద్దామన్నా మెడ ఉండదు. అదే బండి అనుకోండి, ముందు దండ వెయ్యొచ్చు, వెనక పేరు రాయించొచ్చు, లోపల మనమే కూర్చోవచ్చు. నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి కొందాం. సంసారమంతా పడుతుంది. ఎవరో వాడినదైనా పర్వాలేదు."

సభ తలలూపింది. సింగారమ్మకు దారి కావాలనే ఉంది. అయినా ఏమీ లేనిదానికన్నా బండి మేలే కదా అనుకుని ఊరుకుంది.

ఈ కబురు సంతలో నక్క నరహరి చెవిన పడింది. అతడు పాత బండ్లు కొని, వాటికి కొత్త కథలు చెప్పి అమ్ముతుంటాడు. సరిగ్గా అప్పుడే అతని పెరట్లో ఒక పెద్ద బండి పడి ఉంది. పోయినేడు వరదలో ఏటి వెంట కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన బండి అది. ముందు చక్రాలకు ఇంజను బలం అందించే ఇనప కడ్డీ తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. సీట్ల కింద ఒండ్రుమట్టిలో గడ్డి కూడా మొలిచింది.

నరహరి గడ్డి పీకాడు. ఆకుపచ్చ రంగు వేశాడు. లోపల మొగలిపూలు వేలాడదీశాడు. నాలుగు చక్రాలూ లాగేందుకు వేసే పక్క గేరు ఉండాల్సిన చోట ఒక వేరు ముక్కను నున్నగా చెక్కి నిలబెట్టాడు. దాన్ని లాగినా నెట్టినా బండికి తెలియదు.

మర్నాడు సభ ముందు మైదానంలో బండి తళతళలాడింది.

"ఒకే యజమాని చేతిలో నడిచిన బండి అధ్యక్షా!" అన్నాడు నరహరి. "ఒక పూజారి కొంగగారిది. వారానికోసారి ఏటి గట్టు దాకా వెళ్లొచ్చేది. గతుకు అంటే ఏమిటో ఈ బండికి తెలియదు."

"నీళ్లలోకి దిగిందా?" అడిగింది సింగారమ్మ.

"నీళ్లంటే ఈ బండికి బాగా అలవాటమ్మా" అన్నాడు నరహరి. ఆ ఒక్క మాటా నిజమే.

"నాలుగు చక్రాలూ లాగుతాయా?"

"నాలుగూ తిరుగుతాయమ్మా! తిరగని చక్రం ఒక్కటి చూపించు, బండి ఊరికే ఇచ్చేస్తా."

"తిరగడం కాదయ్యా, లాగుతాయా అంటున్నాను. మా రెండో మలుపు దగ్గర తిరిగే చక్రం తిరుగుతూనే ఉంటుంది, బండి మాత్రం అక్కడే ఉంటుంది."

నరహరి వేరు ముక్క మీద చెయ్యి వేశాడు. "ఇదిగో, ఇది ఇలా వెనక్కి లాగామా, కొండే కిందికి దిగివస్తుంది."

"అయితే ఒక్కసారి మా కొండ ఎక్కించి చూపించండి."

చిత్రకంఠం అదిరిపడ్డాడు. "కడిగిన బండి! బురదవుతుంది!"

"పోనీ కిందికి దూరి ఒకసారి చూస్తాను."

"ఆడకూతురివి, బండి కిందికి దూరతావా? పరీక్షించడానికి మన వానరం లేడూ?" అన్నాడు మహాబలయ్య.

వానరం సభవారి బండ్ల పరీక్షాధికారి. అంతకుముందే నరహరి అతని భుజం మీద చెయ్యివేసి, చెట్టుచాటుకు తీసుకెళ్లి, పనసపండు రుచి చూపించాడు. వానరం వేళ్లు తుడుచుకుంటూ వచ్చి టైరును ఒక తన్ను తన్నాడు. హారన్ కొట్టాడు. అద్దంలో పళ్లు చూసుకున్నాడు. తర్వాత చదునుగా ఉన్న మైదానంలో సభ చుట్టూ ఒక చుట్టు తిప్పాడు.

"భేషైన బండి. హారన్ అయితే మరీనూ" అన్నాడు.

"రంగు నా పింఛానికి సరిపోయింది" అన్నాడు చిత్రకంఠం.

బేరం కుదిరింది. అక్కడికి నరహరి పని అయిపోయింది. తోక ఊపుకుంటూ వెళ్లిపోబోయాడు.

"ఎక్కడికయ్యా?" మహాబలయ్య ఆప్యాయంగా ఆపాడు. "ఇంత మంచి బండి ఇచ్చినవాడివి, నువ్వు లేకుండా ఆరంభోత్సవమా? కొండ మీద గూడెంలో సన్మానం. ముందు సీటు నీదే. నడిపేది వానరమే."

నరహరి మొహం వాడిపోయింది. "నాకు కొండలు పడవు అధ్యక్షా. కళ్లు తిరుగుతాయి."

"నీ బండిలో కూర్చుంటే కొండే దిగివస్తుందన్నావుగా?"

సభంతా చప్పట్లు కొట్టింది. చప్పట్ల మధ్య కాదనడం నక్కకు కూడా చేతకాలేదు.

ఆరంభోత్సవం రోజున తొలకరి పడింది. బండికి బంతిపూల దండ వేశారు. నడిమి సీటంతా మహాబలయ్యకే చాల్లేదు. చిత్రకంఠం తన పింఛాన్ని కిటికీలోంచి బయటికి పరిచాడు. ముంగిస డాక్టరమ్మ తన సంచితో వెనక మూల ఇరుక్కుంది. "మల్లిని చూసినట్టూ ఉంటుంది" అని ఆమె వచ్చింది. సింగారమ్మ ఎక్కలేదు. "చోటు లేదు, నడిచే వస్తాను" అని ముందే బయల్దేరింది.

మొదటి మలుపు దాకా బండి పాటలు పాడుకుంటూ వెళ్లింది. పాడింది మహాబలయ్య.

రెండో మలుపులో వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి. ముందు చక్రాలు విశ్రాంతి తీసుకున్నాయి. బండి మెల్లగా వెనక్కి జారింది.

"నరహరీ! ఆ గేరు!" అరిచాడు మహాబలయ్య.

నరహరి కళ్లు మూసుకుని వేరు ముక్క పట్టుకుని లాగాడు. అది ఊడి చేతికొచ్చింది.

అందరూ ఆ ముక్క వైపు మెడలు చాచారు.

"చేతికి రావడం కూడా ఇందులో సౌకర్యమేనా?" అడిగాడు చిత్రకంఠం.

"బ్రేకు!" అరిచింది డాక్టరమ్మ.

"బ్రేకు నేను పరీక్షించలేదు!" అని అంతకన్నా గట్టిగా అరిచి వానరం కొమ్మ పట్టుకుని వేలాడాడు. బండి వెనక్కి వెనక్కి వెళ్లి ఒక వెదురు పొదలో మెత్తగా కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దండ మాత్రం మహాబలయ్య కొమ్ముకు తగులుకుంది.

అప్పుడే పైనుంచి సింగారమ్మ పరుగున వచ్చింది. "డాక్టరమ్మా! మల్లికి నొప్పులు మొదలయ్యాయి!"

ఇక మాటల్లేవు. డాక్టరమ్మ సంచితో సహా సింగారమ్మ వీపెక్కింది. ఇద్దరూ మలుపు దాటి కనపడకుండా పోయారు.

పెద్దలు మిగిలారు. వెనక్కి వెళ్దామంటే జారుడు, ముందుకు వెళ్దామంటే బురద. జోరువాన. చివరికి గూడెమే దగ్గరని తేలింది. మహాబలయ్య మోకాలిలోతు దిగి, ఒక కాలు పీకితే ఇంకో కాలు దిగి, ప్రతి అడుగుకూ ఒక దేవుణ్ణి తలచుకుంటూ ఎక్కాడు. దేవుళ్లు అయిపోయాక బంధువుల్ని తలచుకున్నాడు. చిత్రకంఠం పింఛం తడిసి చీపురైంది. నరహరిని మాత్రం అందరికన్నా వెనక నడవనిచ్చారు, మహాబలయ్య జారితే ఆపుతాడని. రెండుసార్లు ఆపాడు కూడా.

గూడెం చేరేసరికి లోపల్నుంచి సన్నటి కేక వినిపించింది. సింగారమ్మ తడికళ్లతో నవ్వుతూ బయటికొచ్చింది.

"ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం. రండి బాబూ, కాళ్లు కడుక్కోండి."

"ఈ దారిన మీరంతా రోజూ తిరుగుతారా తల్లీ?" మహాబలయ్య రొప్పుతూ అడిగాడు.

"లేదయ్యా, వానాకాలంలోనే కొంచెం తక్కువ తిరుగుతాం."

మహాబలయ్యకు సిగ్గేసిందో మోకాలు నొప్పేసిందో తెలియదు. ఆ గూడెంలోనే, అరుగు మీదే, సభ జరిపాడు. దారి వెంటనే వేయాలని తీర్మానించాడు. ఈసారి ఎత్తేవాళ్లను చూసేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. దిగేది మళ్లీ ఆ దారినే అని అందరికీ తెలుసు.

దారి పడింది. మహాబలయ్య తానే బండలు దొర్లించాడు. వానరం కంకర మోశాడు. చిత్రకంఠం ఊడ్చాడు. అందరికన్నా పెద్ద తట్ట నరహరి నెత్తికెత్తారు. రెండో మలుపు అతని వాటాకే వచ్చింది.

అయినా నక్క నక్కే. తట్ట దించినప్పుడల్లా దారిన పోయేవాళ్లను ఆపి చెప్పేవాడు: "నా బండి వల్లే కదండీ ఈ దారి!"

సింగారమ్మ మనవరాలిని తోడుకుని పోతూ అది విని, కాదనలేక నవ్వేది.

నీతి: కొండదారి బాగుపడాలంటే మంచి బండి వెతకొద్దు, చెడ్డ బండి చూసి, పెద్దల్ని ముందు ఎక్కించండి.